తడితే తిరగాలి

నామ్‌సున్ కుడిచేతికి ఆకుపచ్చని గరుకు గుడ్డ తొడుగు ఉంటుంది. ఎడమచేయి బోసిగా ఉంటుంది. మోక్పో రేవు ఊళ్ళో పాతబజారు వెనక సందులో ఉన్న స్నానాలశాలకు వచ్చే ఆడవాళ్ళంతా ఆ కుడిచేతినే పొగుడుతారు. ఎన్నాళ్ళ మట్టినైనా సేమ్యా పోగుల్లా రాల్చేది అదే కదా అంటారు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు! అసలు పనంతా ఎడమచేతిది. అది ముందు వెళ్ళి చర్మాన్ని సాగదీసి పట్టుకుని, ఇక్కడ పలచన, ఇక్కడ మొద్దు, ఇక్కడ నిన్న దేనికో కొట్టుకుంది, ఇక్కడ మనిషి బిగుసుకుపోయి ఉంది అని కబురు చెబితేనే కుడిచేయి కదులుతుంది. ఆవిరిలో కళ్ళకు ఎలాగూ సగమే కనిపిస్తుంది, వాటితో పెద్దగా పని లేదు.

ఈ ఒళ్ళు రుద్దే పనిలోకి వచ్చి ఆమెకు ముప్ఫై నాలుగేళ్ళు. పుట్టింది ఎదురుగా కనిపించే దీవుల్లో ఒకదాంట్లో. మొగుడు చేపల పడవ మీద పోయి తిరిగి రాలేదు. సముద్రపు నాచు ఆరబెట్టడం తప్ప మరో పని తెలియని మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఈ రెగ్జిన్ బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. మొదటి వారంలోనే చేపల వేలంపాట దగ్గర పనిచేసే ఒకావిడ బల్ల మీంచి ఎగిరి కిందపడ్డంత పని చేసింది. “ఏమ్మా, మనిషిని రుద్దుతున్నావా, చేపకి పొలుసు గీకుతున్నావా?” అని స్నానాలశాల అదిరేలా అరిచింది.

అప్పుడు అక్కడ పనిచేసే పెద్దక్క నామ్‌సున్‌ని పక్కకు పిలిచి, వీపు తిప్పమని, రెండు వేళ్ళు దగ్గర దగ్గరగా ఆనించి, “ఎన్ని వేళ్ళు?” అని అడిగింది. “ఒకటి,” అంది నామ్‌సున్. “తప్పు. రెండు. ఇప్పుడు చెయ్యి చాపు.” ఈసారి వేలికొస మీద రెండు పుల్లలు అంతకన్నా దగ్గరగా పెట్టింది. నామ్‌సున్ తడుముకోకుండా రెండు అనేసింది. “చూశావా, వీపు మొద్దుది, వేలు గడుసుది. మోకాలి వెనక ఇంకోలా ఉంటుంది, చెవి వెనక ఇంకోలా. ఏ చోటికి ఎంత తెలుసో నీకు తెలియకపోతే జనాన్ని చెక్కేస్తావు,” అంది పెద్దక్క. ఆ తర్వాత నెల రోజులు కళ్ళకు తువ్వాలు కట్టి రుద్దించింది.

ఇంకొకటి కూడా నేర్పింది. బల్ల మీద పడుకున్న మనిషి కళ్ళు మూసుకుని ఉంటుంది. చుట్టూ నీళ్ళ హోరు, చెంబుల మోత, పిల్లల గోల. మాట వినబడదు. అందుకని ఒక వైపు అయిపోగానే తుంటి మీద చప్ చప్‌మని రెండుసార్లు తట్టాలి. తడితే తిరగాలి. తల్లి ఒళ్ళో పడుకుని ఏడుస్తూ రుద్దించుకున్న నాటి నుంచీ ప్రతి ఆడపిల్లకీ తెలిసిన సంగతే ఇది.

ఒక్క యోన్‌సిమ్‌కి మాత్రం తుంటి మీద తట్టడానికి వీల్లేదు. తడితే చక్కిలిగింతలు. చేపలా గిలగిలలాడిపోయి, కేకలు పెట్టి నవ్వి, పక్క బల్లల వాళ్ళందర్నీ లేపి కూర్చోబెడుతుంది. అందుకని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఒక్కదానికే నామ్‌సున్ ఎడమచేతి వేళ్ళతో చీలమండ మీద తడుతుంది. మెత్తగా, రెండే రెండుసార్లు.

యోన్‌సిమ్ నామ్‌సున్ కన్నా ఏడేళ్ళు పెద్ద. బజారు మలుపులో కిమ్చీ అనే కారపు క్యాబేజీ ఊరగాయలు, నంజుకునే కూరలు అమ్మే కొట్టు ఆవిడది. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. అందరూ వేసే ఉప్పే, అందరూ వేసే కారమే వేసినా ఆవిడ కలిపితే వేరు. చేతి రుచి అంటారు దాన్ని. చెంచాతో కలపమంటే “చెంచాకి ఏం తెలుస్తుందే?” అని కొట్టినంత పని చేస్తుంది. నామ్‌సున్‌కి ఆరేళ్ళయినా ఊళ్ళో దిక్కు దొరకని రోజుల్లో మొదట డబ్బా నిండా కిమ్చీ పట్టుకొచ్చి, “తిను, తిని బలంగా రుద్దు,” అన్నది ఆవిడే. అప్పటి నుంచి ఆవిడ అక్క, ఆవిడ మొగుడు బావ.

ఎనిమిదేళ్ళ కిందట యోన్‌సిమ్ కడుపులో రాచపుండు తేలి, అన్నం అరిగే కడుపు సంచి మొత్తం తీసేసి, మూడు నెలలకోసారి ఎర్రమందు సూది వేయించుకోమన్నారు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి వచ్చినప్పుడు నామ్‌సున్ ఆ కొత్త గాటు చుట్టూ తొడుగు లేకుండా ఒట్టిచేత్తో రుద్దింది. ఇద్దరూ ఏడవలేదు. బయటికొచ్చి అరటిపండు పాలు తాగుతూ అప్పుడు ఏడ్చారు. ఐదేళ్ళు గడిచాయి. పెద్దాసుపత్రి వాళ్ళు ఇక జబ్బు లేదని తేల్చేశారు. యోన్‌సిమ్ బియ్యప్పిండి కుడుములు ఎర్రచిక్కుడు పొడి అద్ది చేయించి, స్నానాలశాలలో తడి తలలతో కూర్చున్న వాళ్ళందరికీ పంచింది. ఆ రోజు నామ్‌సున్ సంబరం పట్టలేక నోరు జారింది. “ఇంకా మూడు నెలలకోసారి ఆ ఎర్రసూది ఎందుకే అక్కా? మొహం మెరవాలని పొడిపించుకునే గొప్పింటి ఆడవాళ్ళలాగా! ఇక సూదులకి సెలవు!” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. యోన్‌సిమ్ మరి సూది వైపు పోలేదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నామ్‌సున్ మాత్రం మరిచిపోయింది.

ఆ తర్వాత మూడో ఏట శరత్కాలంలో యోన్‌సిమ్ కిమ్చీ గతి తప్పింది. ఒకనాడు ఉప్పుకషాయం, ఒకనాడు చప్పిడి. చెయ్యి ముసలిదైందని బజారులో గుసగుసలు మొదలయ్యాయి. నామ్‌సున్ ఆ ఉప్పు కిమ్చీని అన్నంలో దాచుకుని తిని, డబ్బా కడిగి, “అద్భుతం అక్కా,” అని చెప్పి వచ్చేది. అబద్ధమాడడం ఆమెకు చేతకాదు గాని, ఆ ఒక్క అబద్ధానికి మాత్రం నోరు బాగానే తిరిగింది.

ఒక బుధవారం ఎప్పటిలాగే యోన్‌సిమ్ వచ్చి బోర్లా పడుకుంది. నామ్‌సున్ వీపు పూర్తిచేసి, చీలమండ మీద రెండుసార్లు తట్టింది. యోన్‌సిమ్ కదలలేదు. నిద్రపోయింది కాబోలు అనుకుని మళ్ళీ తట్టింది. ఊహూఁ. ఈసారి కాస్త గట్టిగా తట్టింది.

“ఏమే నామ్‌సునా, ఎంతసేపు నిలబడతావు? తిప్పవేమే, చలేస్తోంది!” అంది యోన్‌సిమ్, తలైనా ఎత్తకుండా.

నామ్‌సున్ చీలమండ మీద నుంచి చేయి తీసేసింది. “మర్చిపోయానే అక్కా, ముసలిదాన్నైపోతున్నా. తిరుగు,” అంది.

తిరిగాక నామ్‌సున్ కుడిచేత్తో భుజం రుద్దుతున్నట్టే రుద్దుతూ, ఎడమచేత్తో కాలి బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని పైకి వంచింది. కిందికి వంచింది. అరికాలి మీద గోటితో గీసింది. తుంటి మీద తడితే కేకలేసే మనిషి అరికాలి మీద గీస్తే ముల్లంగి ధర పెరగడం గురించి మాట్లాడుతూనే ఉంది. తర్వాత తల రుద్దుకోవడానికి నిలబడి, షాంపూ కళ్ళలో పడుతుందని కళ్ళు మూసుకుంది, అంతే, నరికిన అరటిచెట్టులా పక్కకు ఒరిగింది. నామ్‌సున్ పట్టుకోకపోతే ఆ టైల్స్ మీద తల పగిలేది. “సబ్బు మీద జారాను,” అంది యోన్‌సిమ్. అక్కడ సబ్బు లేదు. వెళ్ళేటప్పుడు ఒక కాలికే చెప్పు వేసుకుని వీధిలోకి దిగిపోయింది. రెండో చెప్పు గడప దగ్గరే ఉండిపోయింది. అది ఊడిన సంగతి కాలికి తెలిస్తేగా!

మర్నాడు నామ్‌సున్ చెప్పు పట్టుకుని కొట్టుకు వెళ్ళి, మనసులో ఉన్నది అనేసింది. “అక్కా, నీ కాళ్ళకి స్పర్శ పోయింది. చేతులకీ పోతోందేమో. డాక్టరు దగ్గరికి పద.”

యోన్‌సిమ్ మొహం మాడిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “నువ్వెప్పుడు డాక్టరువి అయ్యావే? జబ్బు లేదని పెద్ద పెద్ద వాళ్ళే చెప్పారు. మట్టి రుద్దుకునేదానివి నువ్వు చెబుతావా?” అంది.

“మట్టి రుద్దుతా కాబట్టే చెబుతున్నా. ఇరవై ఎనిమిదేళ్ళు రుద్దిన ఒళ్ళు నాకు తెలియదా?”

“చలికాలపు ఊరగాయలు పట్టే కిమ్‌జాంగ్‌కి ఇంకో మూడు వారాలుంది. మూడొందల క్యాబేజీలకి మాట ఇచ్చాను. యోన్‌సిమ్ చెయ్యి చచ్చిపోయిందని నువ్వొక్క మాట బయట అన్నావంటే, చలికాలానికి ఎవరైనా నా దగ్గర ఊరగాయ పట్టిస్తారా? పో! ఆ చెప్పు అక్కడ పడేసి పో!”

నామ్‌సున్ చెప్పు పడేయలేదు. నేల మీద నెమ్మదిగా పెట్టి, అక్క కాలి పక్కకు జరిపి, వచ్చేసింది. తర్వాతి బుధవారం యోన్‌సిమ్ రాలేదు. ఆ తర్వాతి బుధవారం కూడా రాలేదు. ఆ వేళకు బల్ల ఖాళీగా ఉంచి, వేరేవాళ్ళు అడిగితే నామ్‌సున్ “మనిషి ఉంది” అని అబద్ధం చెప్పింది. ఆ మనిషి లేకుండా గంటసేపు బల్లనే కడుగుతూ కూర్చుంది. ఇంతకన్నా పిచ్చి ఉంటుందా చెప్పండి!

చివరకు ఉండబట్టలేక ఒక పొద్దున కొట్టు వెనక పెరటి దారిన వెళ్ళింది. అక్కడ చూసిన దృశ్యం నామ్‌సున్ చచ్చేదాకా మరచిపోదు. ఉప్పునీళ్ళలో నానిన క్యాబేజీలు తొట్టి నిండా ఉన్నాయి. వాటి తెల్లని కాడను రెండు వేళ్ళ మధ్య వంచితే విరగకుండా వంగాలి, అదీ ఉప్పు పట్టిన గుర్తు. యోన్‌సిమ్ జీవితమంతా అటు కబుర్లు చెబుతూ ఇటు వేళ్ళతో చూసేసిన పని. ఇప్పుడు ఆవిడ గోడ వైపు తిరిగి, ఎవరూ చూడటం లేదని అనుకుని, ఒక్కొక్క కాడనూ పెదవులకు ఆనించి వంచి చూస్తోంది. వేళ్ళకు తెలియనిది పెదవులను అడుగుతోంది. ముఖమంతా ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

నామ్‌సున్‌కి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఏడుపు మింగి కోపం బయటికి తీసింది. “ఏయ్ అక్కా! ఒక పందెం. కళ్ళు మూసుకో. చేతిలో కాడ పెడతా. ఉప్పు పట్టిందో లేదో చెప్పు. సరిగ్గా చెప్పావా, ఈ జన్మలో నోరెత్తను. నీ కొట్టు ముందు చీపురు పట్టి ఊడుస్తా.”

లోపల వెల్లుల్లి దంచుతున్న బావ రోకలి ఆపి బయటికొచ్చాడు. పడవ ఇంజన్ల దగ్గర పనిచేసి చెవులు మందగించిన మనిషి, భార్య ఏమంటే దానికి తల ఊపి బతికేసినవాడు. ఆయన్ని చూసి యోన్‌సిమ్ వెనక్కి తగ్గలేకపోయింది. “దీనికి పొగరెక్కువైంది. పెట్టవే, చూద్దాం,” అని కళ్ళు మూసుకుని చేయి చాపింది. నామ్‌సున్ ఆమె నడుము చుట్టూ ఒక చేయి వేసి, రెండో చేత్తో తొట్టిలోంచి కాకుండా, పక్కన కుప్పలోంచి ఒక పచ్చి కాడ తీసి పెట్టింది.

యోన్‌సిమ్ వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. “బ్రహ్మాండంగా పట్టింది ఉప్పు. మెత్తగా ఉంది. ఏమనుకున్నావే నా చెయ్యంటే!” అని, చూపించడానికి వంచింది.

పటుక్కున విరిగింది.

చేతికి తెలియలేదు గాని చెవికి తెలిసింది. యోన్‌సిమ్ కళ్ళు తెరిచి చేతిలోని రెండు ముక్కలూ చూసుకుంది. “ఎప్పటి నుంచే?” అని బావ అడిగాడు. “ఎండాకాలం ముందు నుంచి. మొదట దూది మీద నడిచినట్టుంటే, ఇదేదో హాయిగానే ఉందే అనుకున్నా,” అంది. బావ చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి ఆవిడ కోటు తెచ్చాడు. కోటు బొత్తాలు ఆయనే పెట్టాడు. రెండు నెలలుగా ఆయనే పెడుతున్నాడని నామ్‌సున్‌కి అప్పుడు తెలిసింది.

చిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మకి పట్టుమని ముప్ఫై ఐదు ఉండవు. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి మోగించి, వణుకుతున్న దాన్ని యోన్‌సిమ్ కాలివేలి మీద ఆనించింది. “వణుకు తెలుస్తోందా అమ్మా?”

“చల్లగా ఉంది.”

“వణుకు?”

“నువ్వు అంత ముద్దుగా అడుగుతుంటే తెలియట్లేదని ఎలా చెప్పనమ్మా?”

మోకాలి దగ్గర కొంచెం తెలిసింది. నుదుటి మీద పూర్తిగా తెలిసింది, ఉలిక్కిపడింది కూడా. తర్వాత కళ్ళు మూసుకోమని, బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని, “పైకా, కిందికా?” అని అడిగింది డాక్టరమ్మ. యోన్‌సిమ్ ఒక కన్ను సన్నగా తెరిచి చూసి “పైకి” అంది. నామ్‌సున్ వెంటనే అరచేత్తో ఆవిడ కళ్ళు మూసేసింది. “దొంగచూపులు చూస్తోందమ్మా. ఇప్పుడడగండి.” ఆ తర్వాత అడిగిన ఆరింట్లో నాలుగు తప్పు.

“కళ్ళు మూసుకున్నా చెంచా నోట్లోకే వెళుతుంది, చెవిలోకి వెళ్ళదు కదమ్మా,” అంది డాక్టరమ్మ, కాగితం మీద ఒక చెయ్యి బొమ్మ గీస్తూ. “చెయ్యి ఎక్కడుందో, ఎంత వంగిందో కండరాల్లో, కీళ్ళలో ఉండే సన్నని కాపలాదార్లు క్షణక్షణం పైకి కబురు పంపుతుంటారు. చర్మం కింద ఇంకో రకం వాళ్ళుంటారు. మెత్తగా తాకితే ఒకరికి తెలుస్తుంది, నొక్కితే ఒకరికి, చర్మం సాగితే ఒకరికి, వణికితే ఇంకొకరికి. వేలికొసల్లో ఒకరి మీద ఒకరు పడేంత మంది ఉంటారు. వీపులో ఊరికొకరు.”

“అది నాకు పెద్దక్క ఎప్పుడో చెప్పింది,” అంది నామ్‌సున్.

“మీ కాపలాదార్లకి ఏమీ కాలేదమ్మా. వాళ్ళ కబురు వెన్నెముక వెంట పైకి మోసే తీగలున్నాయే, వాటి మీది తొడుగు ఊడిపోతోంది. కాళ్ళ తీగలు అన్నిటికన్నా పొడుగు, అందుకే ముందు అవే దెబ్బతిన్నాయి. ఆ తొడుగుకి కావలసిన విటమిన్ ఒకటుంది. ఎంత తిన్నా, కడుపున్న వాళ్ళకే అది ఒంటికి సరిగ్గా పడుతుంది. మీకు కడుపు లేదు. అందుకే ఆ ఎర్రసూది. ఎప్పుడు మానేశారు?”

“జబ్బు లేదన్నప్పుడు. మూడేళ్ళయింది. అది బలానికి పొడిచేది కదా?”

“జీవితాంతం వేయించుకోవాలని చెప్పలేదా అమ్మా?”

“చెప్పారు, చెప్పారు. జీవితాంతం నవ్వుతూ ఉండమని కూడా చెప్పారు. చెప్పినవన్నీ చేస్తామా?”

నామ్‌సున్‌కి కుడుములు గుర్తొచ్చాయి. చప్పట్లు గుర్తొచ్చాయి. ఇక సూదులకి సెలవు అన్న తన గొంతు తనకే వినిపించింది. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కిందికి జారి, నేల మీద మోకాళ్ళ మీద కూలబడింది. “నేనేనమ్మా, నేనే మాన్పించా. మొహం మెరవడానికి వేస్తారనుకున్నా. అక్క చేతులు నేనే తీసేశా,” అని వెక్కి వెక్కి ఏడ్చింది.

“లేవవే, అసహ్యంగా,” అంది యోన్‌సిమ్. “నువ్వు చెబితే మానేస్తానా? సూదంటే నాకు భయం కనక మానేశా. ఇన్నేళ్ళలో నువ్వు చెప్పింది ఒక్కటైనా విన్నానా?” ఆ మాట నిజమో, నామ్‌సున్ కోసం అన్నదో ఈనాటికీ తెలియదు.

తిరిగి వస్తాయా అని అడిగితే డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. చేతులు చాలా వరకు రావచ్చు, కాళ్ళు ఎంతవరకో చెప్పలేను, ఎక్కువ కాలం ఎండిపోయిన తీగలు కొన్ని కోలుకోవు, ఆరు నెలలు చూద్దాం అంది. ఆ ఆరు నెలలు నామ్‌సున్ లెక్కపెట్టినట్టు ఎవరూ లెక్కపెట్టలేదు.

కిమ్‌జాంగ్ మాత్రం ఆగదు కదా. నామ్‌సున్ స్నానాలశాలలో నాలుగు రోజులు సెలవు పెట్టి, మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని తొట్టి ముందు కూర్చుంది. “ఒళ్ళు రుద్దే చేతులు నా క్యాబేజీల్లో పెడుతోంది, ఎవరితోనూ అనకండి,” అని యోన్‌సిమ్ గొణిగింది. నామ్‌సున్ ఎడమచేత్తో కాడ వంచి, “ఎముకలా ఉంది,” అంటే ఇంకో గంట ఉప్పులో. “పిల్లాడి చెవిలా ఉంది,” అంటే కడిగెయ్యాలి. కారం ముద్ద రుచి చూసేది యోన్‌సిమ్, ఉప్పురొయ్యలు ఎంత వేయాలో చెప్పేది యోన్‌సిమ్, ఆకు ఆకుకీ పూసేది నామ్‌సున్. మూడొందలూ అయ్యాక, వేడివేడిగా ఉడికిన పంది మాంసం ముక్క మీద కొత్త కిమ్చీ ఆకు చుట్టి బావ నోట్లో పెట్టారు. ఆయన నమిలి, నమిలి, బొటనవేలు ఎత్తాడు. ఆ చలికాలం యోన్‌సిమ్ చేతి రుచి మళ్ళీ వచ్చిందని బజారంతా చెప్పుకుంది. యోన్‌సిమ్ మురిసిపోయింది. ఒక మూల కడుపు మండింది కూడా. “కడుపే లేదు కదక్కా, ఎలా మండుతుందే?” అని నామ్‌సున్ అంటే తడి తువ్వాలుతో కొట్టింది.

మొదట రోజు విడిచి రోజు సూది, తర్వాత వారానికోసారి, తర్వాత నెలకోసారి. బుధవారాలు మళ్ళీ మొదలయ్యాయి. నామ్‌సున్ వీపు పూర్తిచేసి, ఊపిరి బిగబట్టి చీలమండ మీద రెండుసార్లు తట్టేది. ఏమీ లేదు. “తిరుగక్కా,” అని నోటితో చెప్పేది. జనవరి అంతా అంతే. ఫిబ్రవరిలో ఒక బుధవారం తట్టగానే యోన్‌సిమ్ గభాలున తిరిగింది. నామ్‌సున్ పట్టరాని సంతోషంతో ఆవిడ మెడ కౌగిలించుకుంది. మరుసటి వారం నామ్‌సున్ నడుము దగ్గర రుద్దడం పూర్తిచేసి, ఇంకా తట్టకముందే, నీళ్ళు తీసుకోవడానికి వంగింది. యోన్‌సిమ్ తిరిగింది.

నామ్‌సున్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. “నేనింకా తట్టలేదు.”

యోన్‌సిమ్ తువ్వాలు మొహం మీదికి లాక్కుంది.

“రుద్దడం ఆగగానే తిరుగుతున్నావు! పోయిన వారం కూడా అంతేనా? నన్ను మోసం చేస్తావటే?”

“మరేం చెయ్యమంటావే? తట్టాక నీ మొహం చూడలేకపోతున్నా. వారం వారం నా కాలు పట్టుకుని పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లలా నిలబడతావు. నాకు కాళ్ళు లేకపోయినా బతకగలను గాని, ఆ మొహం చూసి బతకలేను.”

నామ్‌సున్ ఆవిడ నెత్తి మీద చెంబు నీళ్ళు గుమ్మరించింది. అవి చన్నీళ్ళు. ఆ రోజు నుంచి తట్టడం మానేసింది. “తిరుగు” అని నోటితోనే చెప్పేది. ఆశ పెట్టుకోవద్దని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

మార్చిలో చేతులు కొంచెం కొంచెంగా వచ్చాయి. ఒకనాడు ఆల్చిప్పలు కడుగుతూ యోన్‌సిమ్ “ఇసుక!” అని అరిచింది. వేళ్ళ మధ్య ఒక్క ఇసుక రేణువు. దాన్ని పారేయకుండా చిన్న కాగితంలో మడిచి, స్నానాలశాలకు పట్టుకొచ్చి నామ్‌సున్‌కి చూపించింది. కోటు బొత్తాలు తానే పెట్టుకోవడం మొదలుపెట్టింది. బావకి ఆ పని పోయినందుకు కొంచెం దిగులేసింది గాని, పైకి చెప్పలేదు. కాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. డాక్టరమ్మ ఉక్కు కడ్డీకి చీలమండ దగ్గర ఇంకా జవాబు లేదు.

మే నెల చివర్లో ఒక బుధవారం. స్నానాలశాల కిక్కిరిసి ఉంది. పక్క బల్ల మీద చేపల కొట్టు కోడలు పురిటి నొప్పుల కథ చెబుతోంది. నామ్‌సున్ యోన్‌సిమ్ వీపు రుద్దుతూనే మెడ తిప్పి ఆ కథ వింటోంది. ఆ అమ్మాయి అత్తగారు ఆసుపత్రికి రాకుండా చేపలు అమ్ముతూ కూర్చుందన్న చోటికి వచ్చేసరికి నామ్‌సున్‌కి ఒళ్ళు మండింది. “ఆవిడకి సిగ్గులేదూ!” అంటూ వీపు పని ముగించి, బకెట్ పట్టుకుని వేడినీళ్ళ కోసం వెళ్ళింది. పంపు దగ్గర కూడా ఆ అత్తగారిని తిడుతూనే ఉంది. నిండిన బకెట్‌తో వెనక్కి వచ్చి చూస్తే, యోన్‌సిమ్ వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి.

“ఎందుకు తిరిగావే? నేను చెప్పలేదు కదా.”

“నువ్వే కదే తట్టావు, ఎడమ కాలి మీద.”

“తట్టానా?” నామ్‌సున్ బకెట్ కింద పెట్టింది. తాను తట్టలేదు. తట్టాలని అనుకోనే లేదు. అత్తగారి మీద కోపంలో ఉంది. తన ఎడమచేయి వైపు చూసుకుంది. వేలికొసల మీద చీలమండ ఎముక గుండ్రదనం ఇంకా అంటుకుని ఉన్నట్టు అనిపించింది. తనను అడగకుండానే, తనకు చెప్పకుండానే, ఆ చెయ్యి తన పాత పని తాను చేసేసింది.

కుడి చీలమండ మీద తట్టింది. యోన్‌సిమ్‌కి తెలియలేదు. ఎడమ దాని మీద మెల్లగా, అతి మెల్లగా తట్టింది.

“మళ్ళీ తిరగమంటావేమే? ఇప్పుడే కదా తిరిగింది!” యోన్‌సిమ్ కళ్ళు తెరవకుండానే విసుక్కుంది. “రుద్దవేమే, చలేస్తోంది!”